పర్మిషన్ ఉందంటే సరిపోదు, ఆ ఆర్డరులో ఏముందో చూడాలి

ప్రశ్న: మాది టెక్కలి వైపు ఒక పల్లె. ఊరికి పడమటి పక్క అరకిలోమీటరు లోపే రోడ్డు కాంట్రాక్టరు తారు ప్లాంటు పెట్టారు. నడవడం మొదలై నాలుగు నెలలైంది. తెల్లవారుజామున వెలిగించారంటే పొగంతా ఊరి మీదికే వస్తుంది. డాబాల మీద నల్లటి నుసి, జీడితోటల్లో ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. పిల్లలకి దగ్గు తగ్గడం లేదు. ప్లాంటువాళ్లని అడిగితే పొల్యూషన్ బోర్డు పర్మిషన్ ఉంది, పంచాయతీ ఎన్‌ఓసీ ఉంది, దుమ్ము పక్క క్రషర్‌ది అంటున్నారు. ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే పర్మిషన్ ఉన్నదాన్ని ఏం చేయలేమన్నారు. ఇంక మాకు దారి లేదా? ఆ పొగ నిజంగా ప్రమాదమా?

సమాధానం: దారి ఉందమ్మా. కానీ గడువు దగ్గరపడుతోంది, అందుకే ముందు ఆ సంగతి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010 లోని 14వ సెక్షన్ కింద దరఖాస్తు వేయాలంటే, సమస్య మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు. మీకు ఇప్పటికే నాలుగు నెలలు గడిచాయి. ట్రిబ్యునల్ దాకా వెళ్లక్కర్లేకుండానే పని కావచ్చు, చాలాచోట్ల అవుతుంది కూడా. అయినా ఆ తలుపు మూసుకుపోకుండా చూసుకోవాలి. ఈ వారంలోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకి 30 రోజులు పడుతుంది.

"పర్మిషన్ ఉంది" అన్న మాట దగ్గరే మీలాంటివాళ్లు వెనక్కి తిరిగిపోతున్నారు. నిజానికి అసలు పని అక్కడే మొదలవుతుంది. గాలి కాలుష్య నివారణ చట్టం 1981 లోని 21వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ప్లాంటుకి రెండు అనుమతులు కావాలి. కట్టకముందు సీఎఫ్‌ఈ (స్థాపన అనుమతి), నడపడానికి సీఎఫ్‌ఓ (నిర్వహణ అనుమతి). రెండూ షరతులతో వచ్చే ఆర్డర్లే. ఏ పరికరం పెట్టాలి, చిమ్నీ ఎంత ఎత్తుండాలి, ఏ ఇంధనం కాల్చాలి, గంటకి ఎన్ని టన్నులు తియ్యవచ్చు, పరికరాన్ని ఎప్పుడూ నడిచే స్థితిలో ఉంచాలి అని అందులోనే రాసి ఉంటుంది. షరతు తప్పితే గడువు తీరకముందే, ప్లాంటువాళ్ల వాదన విన్నాక, ఆ అనుమతిని బోర్డు రద్దు చేయవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. పంచాయతీ ఎన్‌ఓసీ వేరే కాగితం. అది ఈ షరతుల్లో ఒక్కదాన్ని కూడా సడలించలేదు. సర్పంచ్ సంతకం పెట్టారని మీరు వెనకడుగు వేయనక్కర్లేదు. అలాగే ఇప్పుడు గ్రామసభ వద్దని తీర్మానం చేసినంత మాత్రాన ప్లాంటు ఆగదు. ఆ తీర్మానాన్ని ఫిర్యాదుకి జతచేయండి, దాని మీదే ఆధారపడకండి.

సమాచార హక్కు దరఖాస్తు మీ జిల్లాను చూసే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం పౌర సమాచార అధికారి పేరిట రాయండి. రుసుము పది రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని హాట్‌మిక్స్ ప్లాంటుకి (కాగితాల్లో తారు ప్లాంటు పేరు ఇదే) ఇచ్చిన సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ ఆర్డర్ల నకళ్లు, వాటికోసం పెట్టిన దరఖాస్తు, సైట్ ప్లాను, అధికారుల తనిఖీ నివేదికలు, చిమ్నీ పరీక్ష, పరిసర గాలి పరీక్ష రిపోర్టులు, ఇచ్చిన నోటీసులు ఏమైనా ఉంటే అవి, ఇలా కాగితం పేరు పెట్టి అడగండి. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని పక్కన పెట్టేస్తారు. ఇంకో మార్గం చాలామందికి తెలియదు. గాలి చట్టం 51వ సెక్షన్ కింద బోర్డు అనుమతుల రిజిస్టరు ఉంచాలి. ప్రభావితులైన ఎవరైనా పనివేళల్లో వెళ్లి దాన్ని చూడవచ్చు. ఆ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఆర్డరు చేతికొచ్చాక మొట్టమొదట సర్వే నంబరు చూడండి. తారు ప్లాంట్లు లారీల మీద ఎక్కించి ఊరూరూ తిప్పేవి. పాత చోట తెచ్చుకున్న అనుమతినే కొత్త చోట చూపించడం ఈ రంగంలో తరచూ జరిగే తప్పు. అనుమతి ఆ స్థలానికే. ప్లాంటు కదిలితే మళ్లీ సీఎఫ్‌ఈ నుంచి మొదలుపెట్టాలి. తర్వాత చెల్లుబాటు తేదీ. ఆ తర్వాత సామర్థ్యం. ఆర్డరులో గంటకి 60 టన్నులని ఉంటే ఎనిమిది గంటల్లో 480 టన్నులకి మించి తియ్యకూడదు. పదిచక్రాల టిప్పరు చట్టప్రకారం మోసేది సుమారు 18 టన్నులు, అంటే 27 ట్రిప్పులకి దగ్గర. మీ ఊరి మలుపు దగ్గర కూర్చుని రెండు రోజులు తారు లోడుతో వెళ్లే టిప్పర్లు లెక్కపెడితే చాలు. ఎనిమిది గంటల్లోనే 45 తేలాయంటే ఆర్డరులో ఒక ప్లాంటు, నేల మీద ఇంకో ప్లాంటు ఉన్నట్టే.

ఇంక దుమ్ము, పొగ ఎక్కడ పుడతాయో తెలిస్తే షరతులు చదవడం తేలికవుతుంది. కంకర, చిప్స్, క్రషర్ డస్ట్ తడి పోయేదాకా తిరిగే డ్రమ్ములో బర్నరు మంటతో వేడిచేస్తారు. వీజీ 30 రకం తారు అయితే కంకర 150 నుంచి 170 డిగ్రీల వేడికి రావాలి. ఆ వేడిగాలి డ్రమ్ములోంచి బయటికి పోతూ సన్నటి పొడినంతా మోసుకుపోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కల్లో, అదుపు ఏమీ లేకపోతే డ్రమ్ మిక్స్ ప్లాంటులో టన్ను మాలుకి 14 కిలోల దుమ్ము చిమ్నీ దాకా వస్తుంది. బ్యాగ్ ఫిల్టరు సరిగా పనిచేస్తే అది 16, 17 గ్రాములకి దిగుతుంది. 60 టన్నుల ప్లాంటుకి వేసి చూడండి: గంటకి 840 కిలోలు ఒక పక్క, ఒక కిలో ఇంకో పక్క. ఆ మధ్యలో ఉన్నది ఒక్క పరికరమే. అది ఆగిన ప్రతి గంటా మీ ఊపిరితిత్తులకి లెక్కే. అందుకే "పరికరం ఉందా" అని కాదు, "ఈరోజు నడుస్తోందా" అని అడగాలి.

చిన్న ప్లాంట్లలో సైక్లోను (పొగని గిరగిరా తిప్పి దుమ్ము రాల్చే గొట్టం), దాని వెనక నీళ్లు చల్లే వెట్ స్క్రబ్బరు ఉంటాయి. సైక్లోను లావు దుమ్మునే ఆపుతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్న దుమ్ముని స్క్రబ్బరే పట్టాలి. దీనికి వచ్చే జబ్బులు నాలుగైదే. నాజిళ్లు బురదతో మూసుకుపోవడం, సెటిలింగ్ గుంట నిండిపోయి బురదనీళ్లే మళ్లీ తిరగడం, వేసవిలో నీళ్లు లేవని పంపు ఆపేయడం. ఇంకొకటి పైకి కనపడదు. బర్నరులో కాల్చే నూనెలోని గంధకం పొగ నీళ్లలో కరిగి నీళ్లు పుల్లబడతాయి. సున్నం కలిపి సరిచేయకపోతే పంపు రెక్కలు, పైపులు తినేసుకుపోతాయి. కొన్నాళ్లకి స్క్రబ్బరు పేరుకే మిగులుతుంది. ఆ గుంట నీళ్లు పొంగి పొలం కాలవలోకి పోతుంటే అది నీటి కాలుష్య చట్టం కిందికి వచ్చే విడి తప్పు, దాని ఫోటో విడిగా తీయండి.

బ్యాగ్ ఫిల్టరు అయితే గుడ్డ సంచులు. చల్లటి ప్లాంటుని వెలిగించిన వెంటనే తడి కంకర పోస్తే ఆవిరి సంచుల మీద పట్టి దుమ్ము బురదలా గట్టిపడుతుంది. పది పదిహేను నిమిషాలు ఉత్తగా వేడిచేశాకే మాలు పోయాలి. వేడి ఎక్కువైతే సంచులు కాలి చిల్లులు పడతాయి. సంచుల రెండు పక్కలా గాలి ఒత్తిడి తేడా చూపించే గేజి ఉంటుంది. అది ఉన్నట్టుండి సున్నా వైపు పడిపోతే చిరిగినట్టు, బాగా పెరిగితే మూసుకుపోయినట్టు. తనిఖీకి వచ్చిన అధికారిని ఆ గేజి రీడింగు, దాని లాగ్‌బుక్కు చూడమని కోరండి.

పొగ రంగు మీరు దూరం నుంచే చదవవచ్చు. తెల్లగా వచ్చి కాస్త దూరంలో మాయమైపోయేది చాలావరకు నీటి ఆవిరి. దాన్ని ఫోటో తీసి పంపితే మీ ఫిర్యాదే తేలిపోతుంది, జాగ్రత్త. తెల్లగా లేదా బూడిదరంగులో చాలా దూరం సాగేది దుమ్ము, అంటే స్క్రబ్బరో ఫిల్టరో పనిచేయడం లేదు. నల్లటి పొగ అంటే నూనె సరిగా మండటం లేదు: బర్నరుకి గాలి చాలక, చిక్కటి నూనెని తగినంత వేడిచేయక, లేదా నాజిలు అరిగి. మీ డాబా మీది నల్ల నుసి దీనిదే అయి ఉండాలి. నీలిరంగు మసక, కళ్లు మండే వాసన అయితే తారు మరీ వేడెక్కి ఆవిరవుతోందని. కాలిన టైర్ల వాసన వస్తుంటే మాత్రం ప్రత్యేకంగా రాయండి. ఆర్డరులో ఎల్‌డీఓ (లైట్ డీజిల్ ఆయిల్) అని ఉండి, టైర్లు కరిగించి తీసిన నూనెనో, వాడేసిన ఇంజనాయిలునో కాలుస్తుండవచ్చు. వాడేసిన ఆయిలు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. నూనె కొన్న బిల్లులు తనిఖీ చేయమని అడగండి. మామూలుగా టన్ను మాలుకి ఆరేడు లీటర్లు అవుతుంది. కంకర వానకి తడిస్తే, ప్రతి ఒక శాతం తడికి ఇంకో ముప్పావు లీటరు అదనం. కంకర గుట్టల మీద రేకుల కప్పు వేస్తే ప్లాంటుకి నూనె మిగులుతుంది, ఊరికి పొగ తగ్గుతుంది. ఈ మాట ప్లాంటు మేనేజరుతోనే చెప్పండి, ఇద్దరికీ పనికొచ్చేది.

చిమ్నీ ఎత్తు సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు సూత్రం ఇలా: గంటకి వెలువడే సల్ఫర్ డయాక్సైడు కిలోల్లో తీసుకుని, దాన్ని 0.3 ఘాతానికి హెచ్చించి, 14తో గుణిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. 60 టన్నుల ప్లాంటు గంటకి 400 కిలోల నూనె కాల్చిందనుకుందాం. అందులో 2 శాతం గంధకం ఉంటే 8 కిలోలు. అది కాలితే రెట్టింపు బరువు, 16 కిలోల సల్ఫర్ డయాక్సైడు. సూత్రంలో వేస్తే 32 మీటర్లు. గంధకం ఒక శాతమే ఉంటే 26 మీటర్లు. మీ కళ్ల ముందున్న చిమ్నీ పది పన్నెండు మీటర్లే ఉంటే ఆర్డరులో ఎంత రాసి ఉందో తప్పక సరిచూడండి. పొట్టి చిమ్నీ, తెల్లవారుజామున కదలని చల్లగాలి, పడమటి నుంచి సముద్రం వైపు మెల్లగా దిగే నేలగాలి కలిస్తే పొగ పైకి లేవకుండా సరిగ్గా మీ ఇళ్ల ఎత్తులోనే పాకుతుంది. ఎండెక్కి సముద్రపు గాలి తిరిగాక ఊరు తేటపడుతుంది. అధికారి పదకొండు గంటలకి వచ్చి "ఏమీ లేదే" అని వెళ్లిపోతే అబద్ధం చెప్పినట్టు కాదు. అందుకే ఫిర్యాదులో "తెల్లవారి 5 నుంచి 8 మధ్య తనిఖీ చేయాలి" అని స్పష్టంగా కోరండి.

క్రషర్ వాదనకి జవాబు కష్టం కాదు. క్రషర్ దుమ్ము పొడిగా, బూడిదరంగులో ఉంటుంది, తుడిస్తే పోతుంది, నీళ్లు పోస్తే కారిపోతుంది. తారు ప్లాంటు నుసి వేలికి జిడ్డుగా అంటుతుంది, నీళ్లకి పోదు. తెల్లటి స్టీలు పళ్లేలు రెండు డాబా మీద పెట్టి, ఒకటి క్రషర్ నడిచి ప్లాంటు ఆగిన రోజు, రెండోది ప్లాంటు నడిచిన రోజు ఫోటో తీయండి. ఇది కోర్టు సాక్ష్యం కాదు గానీ అధికారిని ఎటు చూడాలో అటు చూపిస్తుంది. జీడి ఆకుల మీద మీరు చెప్పిన బూడిదరంగు దుమ్ములో క్రషర్ వాటా కూడా ఉండే ఉంటుంది. రెంటి మీదా విడివిడిగా ఫిర్యాదు పెట్టండి. ఒకే కాగితంలో కలిపేస్తే ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, గాలి ఎటు వీస్తోంది, పొగ రంగు, వాసన, టిప్పర్ల సంఖ్య. గాలి దిక్కుకి డాబా మీద కర్రకి గుడ్డపీలిక కడితే చాలు. ఫోటోలో టైము, లొకేషను పడేలా ఫోన్ సెట్ చేయండి. ఇద్దరు ముగ్గురు ఇళ్లవాళ్లు విడివిడిగా రాస్తే ఇంకా మంచిది. ఈ బుక్కు విలువ ఎంతో చెబుతాను. తప్పు చేసిన యూనిట్ నుంచి పర్యావరణ పరిహారం వసూలు చేయడానికి కేంద్ర బోర్డు సూత్రంలో కాలుష్య సూచీ, తప్పు జరిగిన రోజుల సంఖ్య, రూపాయల గుణకం, యూనిట్ పరిమాణం, చుట్టూ ఉన్న జనాభా అన్నీ గుణిస్తారు. కాలుష్యాన్ని బట్టి యూనిట్లకి రంగులిచ్చిన 2016 వర్గీకరణలో హాట్‌మిక్స్ ప్లాంట్లు ఆరెంజ్ కిందికి వచ్చాయి, ఆరెంజ్‌కి సూచీ 50. గుణకం 250, చిన్న యూనిట్‌కి సగం వేసుకుంటే రోజుకి 6,250 రూపాయలు. ఎంత తక్కువైనా రోజుకి 5,000కి తగ్గదు. నెల రోజులు నిరూపిస్తే 1,87,500. రోజుల్ని లెక్కతేల్చేది మీ బుక్కే.

ఫిర్యాదు ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, నకలు విశాఖపట్నం జోనల్ కార్యాలయానికి, విజయవాడలోని బోర్డు మెంబర్ సెక్రటరీకి. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. "పొగ వస్తోంది, ఆపండి" అని రాయకండి. "సీఎఫ్‌ఓ షరతు నంబరు ఫలానా ప్రకారం స్క్రబ్బరు ఎప్పుడూ నడవాలి, ఫలానా తేదీల్లో పంపు ఆగి ఉంది, ఫోటోలు జత" అని రాయండి. మొదటి రకం కాగితం ఫైల్లో పడుకుంటుంది. రెండోదానికి అధికారి ఔననో కాదనో రాసి తీరాలి.

చిమ్నీ పరీక్ష చేయమని అడుగుతారు కాబట్టి రెండు విషయాలు. దుమ్ముకి సాధారణ ప్రమాణం నార్మల్ ఘనమీటరుకి 150 మిల్లీగ్రాములు. ఆర్డరులో అంతకన్నా తక్కువ ఉంటే అదే లెక్క. నమూనా తీసే రోజు ప్లాంటుని సగం లోడుతో నడిపితే అంకె అందంగా వస్తుంది. అందుకని పరీక్ష వేళ గంటకి ఎన్ని టన్నులు నడిచింది, ఏ నూనె, ఎంత కాలింది అన్నది రిపోర్టులో రాయించమని ముందే లిఖితంగా కోరండి. గాలి చట్టం 26వ సెక్షన్ పద్ధతిలో బోర్డు తీసిన నమూనాకే కోర్టులో బలం. మీరు సొంత ఖర్చుతో గుర్తింపు పొందిన ల్యాబుతో ఊళ్లో గాలి పరీక్ష చేయించాలనుకుంటే 24 గంటలు, పొయ్యికి, రోడ్డుకి దూరంగా, ఒకటి ప్లాంటుకి ఇవతల, ఒకటి అవతల ఒకే రోజు పెట్టించండి. 2009 జాతీయ ప్రమాణాల్లో రోజు సగటున ఘనమీటరు గాలికి పీఎం10 (సన్న దుమ్ము) 100 మైక్రోగ్రాములు, పీఎం2.5 (ఇంకా సన్నది) 60. రెండు చోట్ల అంకెల మధ్య తేడాయే అసలు సంగతి చెబుతుంది.

బోర్డు గాలి చట్టం 31ఎ సెక్షన్ కింద మూసివేత ఆర్డరు ఇవ్వగలదు, కరెంటు తీయించగలదు. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ ప్లాంట్లు చాలావరకు జనరేటరు మీద నడుస్తాయి, కరెంటు తీసినా ఆగవు. అందుకని ప్లాంటుకి సీలు వేయాలని కూడా అడగండి. 2024 ఏప్రిల్ నుంచి అమలైన సవరణలతో ఈ చట్టం కింద జరిమానా 10 వేల నుంచి 15 లక్షల దాకా ఉంది.

బోర్డు నాన్చుతుంటే రెండు దారులు. ఆర్డీవో ముందు భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద బహిరంగ ఉపద్రవం తొలగించమని అర్జీ. అది స్థానికంగానే నడుస్తుంది, ఖర్చు తక్కువ. రెండోది చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ బెంచి. పరిహారం అడగని దరఖాస్తుకి రుసుము వెయ్యి రూపాయలు. పంట నష్టానికి ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద వేరేగా అడగవచ్చు, దానికి ఐదేళ్ల గడువు ఉంది. జీడి పూత వేళ కాబట్టి ఇప్పుడే ఉద్యాన సహాయకుడిని తోటకి పిలిచి చూపించి, రాతపూర్వకంగా నమోదు చేయించండి. కోత అయ్యాక నష్టం చూపించడం కష్టం.

రోడ్డు కాంట్రాక్టరు మీద ఇంకో పట్టు ఉంది, దీన్ని ఎక్కువమంది వాడుకోరు. జాతీయ రహదారుల పనులకి కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లే కాంట్రాక్టులో భాగం. వాటి 111వ సెక్షన్‌లో హాట్‌మిక్స్ ప్లాంట్లు ఇళ్లకి, సాగుకి తగినంత దూరంగా ఉండాలని, చుట్టుపక్కల పొలాలకి, ఇళ్లకి నష్టం జరిగితే కాంట్రాక్టరుదే పూర్తి బాధ్యతని ఉంది. ఆ రోడ్డు పని పర్యవేక్షించే ఇంజనీరుకి, ప్రాజెక్టు డైరెక్టరుకి ఆ సెక్షన్ ఎత్తి చూపుతూ ఉత్తరం రాయండి. బిల్లు ఆగుతుందనే భయం చాలాసార్లు నోటీసు కన్నా వేగంగా పనిచేస్తుంది.

పొగ ప్రమాదమా అని అడిగారు. అవును. క్యాన్సరు భయం కన్నా ముందు చూసుకోవలసింది సన్న దుమ్ము, గంధకం పొగ. పిల్లల దగ్గు, ఆయాసం వీటివల్ల ముదురుతాయి. మీ దగ్గరి రాళ్లు గ్రానైటు జాతివి కాబట్టి క్రషర్ దుమ్ములో సిలికా కూడా ఉంటుంది. తారు పొగని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రోడ్డు పనివాళ్ల విషయంలో "క్యాన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చు" అన్న 2బి వర్గంలో పెట్టింది. పొగలో నిలబడి పనిచేసే కూలీలకి ఆ ముప్పు మీకన్నా ఎక్కువ. తెల్లవారి పొగ వేళ పడమటి కిటికీలు మూయండి, పిల్లల్ని ఆ టైములో బయట పడుకోబెట్టకండి. గుడ్డ మాస్కు సన్న దుమ్ముని ఆపదు, ఎన్95 కావాలి. పీహెచ్‌సీలో చూపించి ఓపీ చీటీలు తేదీలతో దాచండి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. టిప్పర్లకి అడ్డం పడి ఆపకండి. కేసులు మీ మీద పడితే ఆర్డరు, షరతులు అన్నీ పక్కకిపోయి కథ మారిపోతుంది.

మీకు కావలసింది ప్లాంటు పోవడమా, సరిగా నడవడమా అన్నది ఊళ్లో కూర్చుని తేల్చుకోండి. రోడ్డు పని ఏడాదిలో అయిపోయేదైతే, బ్యాగ్ ఫిల్టరు, ఎల్‌డీఓ, దారి మీద పూటకోసారి నీళ్లు, టిప్పర్ల లోడు మీద టార్పాలిన్ కప్పు, ఉదయం ఎనిమిది తర్వాతే వెలిగించడం, ఇవి రాతపూర్వకంగా తీసుకోవడం త్వరగా ఫలితమిస్తుంది. ఇళ్లకి మరీ దగ్గరగా ఉండి, సీఎఫ్‌ఈ దరఖాస్తులో దూరం తప్పుగా చూపించి ఉంటే, మార్చమనే అడగండి. ఎలాగైనా ప్లాంటు విప్పి తీసుకెళ్లే ముందు స్క్రబ్బరు బురద, కారిన తారు, నూనె పట్టిన మట్టి తీసేసి పోవాలని ఇప్పుడే ఫిర్యాదులో ఒక పేరా రాయండి. కాంట్రాక్టరు డిపాజిట్టు రోడ్డు పని ఇచ్చిన శాఖ దగ్గర ఉన్నంతవరకే ఆ పని చేయించుకోగలరు.